మొదటి ఏడాది డబ్బు ఎక్కడ పోతుంది?

సందేహం: ఈ ఆగస్టులో ఎమ్మెస్‌కి అమెరికా వచ్చాను. చదువంతా లోను మీదే. బియ్యం, బస్సు పాసు, ఫోను బిల్లు అన్నీ కలిపి నెల ఖర్చు ఎంతకి కుదించవచ్చు? వెంటనే పార్ట్‌టైమ్‌లో చేరిపోవచ్చా?

జవాబు: బాబూ, బియ్యం దగ్గర్నుంచి బస్సు పాసు దాకా అన్నీ అడిగారు, ఏ కోర్సులు తీసుకున్నారో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. దిగిన కొత్తలో అందరిదీ ఇదే వరస. వంటింట్లో ఎంత బిగబట్టినా నెలకి మిగిలేది యాభయ్యో వందో డాలర్లు. క్రెడిట్‌కి (కోర్సు బరువు కొలిచే లెక్క అది) వెయ్యి డాలర్లు అనుకుంటే మూడు క్రెడిట్ల కోర్సు ఒక్కటి తప్పినా మూడు వేలు పోయినట్టే. ముందు ఫీజు బిల్లు తెరిచి, ఒక్కో కోర్సుకి ఎంత పడిందో రాసుకోండి. పొదుపు సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఆ బిల్లు పక్కనే యూనివర్సిటీ అకడమిక్ క్యాలెండరు పెట్టుకోండి. కోర్సు మార్చుకోవడానికి, పూర్తి ఫీజు వెనక్కి రావడానికి చాలాచోట్ల మొదటి వారం, మహా అయితే రెండు వారాలే గడువు. అది దాటాక వెనక్కొచ్చేది వారం వారం తగ్గిపోతుంది. మిడ్‌టర్మ్ నాటికి కోర్సు వదిలేస్తే ట్రాన్‌స్క్రిప్టులో, అంటే మార్కుల జాబితాలో, 'డబ్ల్యూ' (విత్‌డ్రా) పడుతుంది. జీపీఏకి, అంటే నాలుగుకి లెక్కేసే గ్రేడ్ల సగటుకి, దెబ్బ తగలదు కానీ, డబ్బు మాత్రం తిరిగి రాదు. చిక్కంతా ఏమిటంటే, దిద్దిన మొదటి హోంవర్కు చేతికొచ్చేసరికి మూడో వారమో నాలుగో వారమో అవుతుంది. కోర్సు మన తలకి మించినదని తెలిసేనాటికి గడువు దాటిపోతుంది. ఈలోపు మొదటి రెండు వారాలూ ఇంటి వేటలో, పరుపు మోసుకు రావడంలో, సిమ్ కార్డు కొనడంలో గడిచిపోతాయి. అందుకని క్లాసులు మొదలైన వారంలోనే పాత సెమిస్టర్ మొదటి హోంవర్కు ప్రొఫెసర్ పేజీలో దొరుకుతుందేమో చూడండి. దొరికితే ఒక సాయంత్రం కూర్చుని చేయండి. సగం ప్రశ్నలకి దారి తోచకపోతే ఆ కోర్సు ఈ సెమిస్టర్‌కి వద్దు. ఒకటి మాత్రం మరవకండి: చాలా యూనివర్సిటీల్లో ఎమ్మెస్‌కి ఫుల్‌టైమ్ అంటే 9 క్రెడిట్లు. ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) అనుమతి ముందే తీసుకోకుండా అంతకన్నా దిగితే స్టేటస్ పోతుంది. మిగతా నిబంధనలు ఇంటర్నేషనల్ ఆఫీసువాళ్లు చెబుతారు, అడగండి.

ఇక సిలబస్. పాఠాల పట్టికే కదా అని పక్కన పడేస్తారు. అందులో మార్కుల వాటాలు రాసిన ఒక్క లైను ఉంటుంది, దాన్ని కళ్లు పెట్టి చదవాలి. హోంవర్కులకి 40, మిడ్‌టర్మ్‌కి 25, ఫైనల్‌కి 35 అనుకోండి. ఆరు హోంవర్కులుంటే ఒక్కోటీ దాదాపు 6.7 మార్కులు. 'చిన్నవే కదా' అని రెండు వదిలేశారంటే 13 పైచిలుకు పోయాయి. ఆ తర్వాత పరీక్షలన్నీ నూటికి నూరు రాసినా 87 దాటవు, మామూలు కొలత ప్రకారం 'ఏ' చేజారినట్టే. పరీక్షకి ముందు రాత్రిళ్లు మేలుకుని గట్టెక్కిన అలవాటు ఇక్కడ పనికిరాదు. పైగా చాలా ఎమ్మెస్ ప్రోగ్రాముల్లో జీపీఏ 3.0 నిలబెట్టుకోవాలి. ఒక్క 'సీ' వస్తే దాన్ని పూడ్చడానికి అంతే క్రెడిట్లున్న మరో కోర్సులో 'ఏ' కావాలి.

పాత హోంవర్కుల ఫోల్డరు ఒకటి ఎవరో సీనియరు పంపిస్తారు. పేర్లు మార్చి పెట్టేస్తే ఎవరు కనిపెడతారని అనుకోవద్దు. మాస్ అనే సాఫ్ట్‌వేర్ వేరియబుల్ పేర్లని పట్టించుకోదు, ప్రోగ్రాము అల్లిక ఎలా ఉందో పోల్చి చూస్తుంది. కామెంట్లు తీసేసినా ఖాళీలు సర్దినా దానికి ఒకటే. దొరికితే ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఇద్దరూ సంజాయిషీ చెప్పుకోవాలి. కోర్సులో 'ఎఫ్' పడితే అదే మూడు వేలు మళ్లీ కట్టాలి.

హోంవర్కు రాకపోతే ఆఫీస్ అవర్స్‌కి, అంటే సందేహాలు తీర్చడానికి ప్రొఫెసరో టీఏనో (బోధనలో సాయపడే విద్యార్థి) కూర్చునే వేళకి, వెళ్లండి. అది ఫీజులో కలిసి వచ్చేదే, మనవాళ్లు వాడుకోరు. 'అర్థం కాలేదండీ' అని నిలబడితే లాభం లేదు. ఎక్కడిదాకా చేశారో, ఏ మెట్టు దగ్గర ఆగారో, ఏం ప్రయత్నించి చూశారో ఒక కాగితం మీద మూడు లైన్లు రాసుకుని వెళ్లండి. గడువుకి ముందు రోజు టీఏ గది బయట వరస ఉంటుంది, నాలుగైదు రోజుల ముందే వెళితే అరగంట మీదే. పైసెమిస్టర్‌కి గ్రేడర్ (జీతానికి హోంవర్కులు దిద్దే విద్యార్థి) కావాల్సి వచ్చినప్పుడు ప్రొఫెసర్‌కి గుర్తొచ్చేదీ ఇలా వచ్చి వెళ్లిన మొహాలే. డబ్బు మాట అడిగారు కాబట్టి చెబుతున్నాను.

పార్ట్‌టైమ్ సంగతి. సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలదాకా చేసుకోవచ్చు. బయట నగదు చేతిలో పెట్టే పని జోలికి వెళ్లొద్దు, దాని గురించి ఇంతకన్నా చెప్పను. గంటకి 12 డాలర్ల చొప్పున ఇరవై గంటలు, పదిహేను వారాలు లెక్క వేయండి: 3,600. దాదాపు ఒక కోర్సు ఫీజు. ఆ ఇరవై గంటల మూలంగా ఒక కోర్సు తప్పిందంటే సెమిస్టరంతా గిన్నెలు కడిగింది ఎందుకు? మొదటి సెమిస్టర్‌కి పది గంటలు చాలు. జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం పన్ను కోశారేమో పే స్టబ్ (జీతం చీటీ) చూసుకోండి. ఎఫ్‌-1 విద్యార్థికి మొదటి 5 క్యాలెండరు సంవత్సరాలు అది కోయకూడదు, పేరోల్‌వాళ్లకి చెబితే సరిచేస్తారు. పైసా సంపాదించకపోయినా 8843 ఫారం మాత్రం అమెరికా పన్నుల శాఖకి పంపాలి.

ఇంటి లీజులో నలుగురూ కలిసి సంతకం చేస్తే, ఒకడు మధ్యలో వెళ్లిపోయినా అద్దె మొత్తానికి మిగతా ముగ్గురూ బాధ్యులే. చేరిన రోజే గోడలు, కార్పెట్, స్టవ్ ఫొటోలు తీసి ఓనరుకి మెయిల్ చేయండి, డిపాజిట్ అడిగేటప్పుడు పనికొస్తాయి. జ్వరమొస్తే ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్, అది మూసి ఉంటే అర్జెంట్ కేర్. ఎమర్జెన్సీకి వెళ్లేది ప్రాణం మీదికి వచ్చినప్పుడే, ఆ బిల్లు ఇన్సూరెన్స్ ఉన్నా దడ పుట్టిస్తుంది.

అన్నిటికన్నా ముందు, లోను విడత ఏ తేదీకి వస్తుందో మీ బ్యాంకుని ఇవాళే అడగండి. ఫీజు గడువుకి అందకపోతే ఖాతా మీద హోల్డ్ పడుతుంది, అది తీసేదాకా వచ్చే సెమిస్టర్‌కి రిజిస్టర్ కానివ్వరు. చాలా యూనివర్సిటీల్లో కొద్దిపాటి రుసుముతో నెల వాయిదాల పద్ధతి ఉంటుంది, గడువు లోపలే అడగాలి. కారు కొనాలా వద్దా అన్న సందేహం రెండో సెమిస్టర్ అయ్యాక రాయండి.