నల్ల అక్షరాలు అచ్చుతప్పులు కావు

ప్రశ్న: మా తాతయ్య రంగూన్‌లో బియ్యం కొట్టులో లెక్కలు రాసేవారు. ఆయన బిస్కెట్ డబ్బాలో పద్నాలుగు స్టాంపులు దొరికాయి. పదమూడు చైనావి, అన్నిటిమీదా ఒకే మనిషి బొమ్మ, దానిమీద మళ్లీ నల్లగా ఏవో అక్షరాలు. ఒకటి మాత్రం విక్టోరియా రాణి ఉన్న ఇండియా స్టాంపు. దానిమీద ‘సి.ఇ.ఎఫ్.’ అని ఉంది. నాకు చైనీస్ రాదు. ఫొటో పంపుతున్నాను. వీటిని ఎలా విడదీయాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, అవి అచ్చుతప్పులు కావు. బొమ్మలో ఉన్నది చైనా గణతంత్ర నాయకుడు సన్ యట్-సేన్. ఆయన బొమ్మతో రోజువారీ వాడకపు స్టాంపులు 1931 నుంచి వచ్చాయి. తర్వాత ధరలు మండిపోయి, పాతవాటి మీదే కొత్త విలువ కొట్టేశారు. చైనీస్ నాకూ రాదు. ముప్ఫై ఏళ్లుగా అక్షరాల ఆకారం చూసే సర్దుతున్నాను.

భూతద్దం తీసుకుని ముందు అంకె మారిందేమో చూడండి. మారితే పెట్టెలాంటి అక్షరం వెతకండి: నాలుగు వైపులా గీత, లోపల కిక్కిరిసిన గీతలు. ఆ రోజుల్లో అడ్డంగా రాస్తే కుడి నుంచి ఎడమకు చదివేవారు. పెట్టె మొదట వస్తే ‘గువోబీ’, అంటే జాతీయ కరెన్సీ. ఇంటికప్పు లాంటి అక్షరం ముందు వచ్చి, దాని వెనక పెట్టె ఉంటే ‘జిన్‌యువాన్’, బంగారు యువాన్. అది 1948 ఆగస్టు 19న వచ్చింది. పాత డబ్బు 30 లక్షలు ఇస్తే ఒక్క యువాన్! మీ ఫొటోలో ఆరోది అదే.

అంకె మారకుండా ఐదక్షరాలే ఉండి, చివరిది గళ్ల కిటికీలా కనిపిస్తే, చైనాలో ఫలానా రాష్ట్రంలోనే వాడాలని అర్థం. షిన్‌జియాంగ్, యునాన్ రాష్ట్రాల్లో అప్పట్లో డబ్బు విలువ తక్కువ. అక్కడ చవగ్గా కొని ఇంకోచోట అంటిస్తారని భయం. ఈ రెంటికీ తేడా రెండో అక్షరంలోనే. దాని ఎడమ పక్కన మూడు చుక్కలుంటే యునాన్‌ది.

ఇక విక్టోరియా స్టాంపు. నాకు ప్రాణం అక్కడే ఉంది. 1900లో చైనాలో విదేశీయుల మీద జరిగిన బాక్సర్ల తిరుగుబాటప్పుడు చైనా వెళ్లిన మన సిపాయిల ఉత్తరాల కోసం మన స్టాంపుల మీదే ‘చైనా ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్’ అని పొడి అక్షరాలు కొట్టారు. నకిలీలు చాలా ఉన్నాయి. నేను మొదట కొన్నది నకిలీయే, సగం జీతం పోయింది. అక్షరాల సిరా తపాలా ముద్ర పైకెక్కి ఉందని ఇంటికొచ్చాక గానీ చూడలేదు. అసలుదైతే అక్షరాలు ముందు, ముద్ర తర్వాత పడాలి. మీదాంట్లో ‘ఎఫ్’ కాలు ముద్ర గీతను దాటే చోట ఏ సిరా పైన ఉందో ఫొటోలో తెలియడం లేదు. పగటి వెలుగులో ఆ మూల ఒక్కటే దగ్గరగా తీసి పంపండి. అప్పటిదాకా దేన్నీ జిగురుతో ఆల్బంలో అంటించకండి.