పాత బిల్డింగులు బాగుచేయడం కూడా చదువేనా?

ప్రశ్న: మాది సోంపేట పక్క, సముద్రానికి దగ్గర ఊరు. నేను తాపీమేస్త్రిని. ఇరవై ఏళ్ళకు పైగా హైదరాబాదు, చెన్నై వలస వెళ్ళి పనిచేస్తున్నాను. మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ఆఖరి సంవత్సరం. పాత బిల్డింగులు ఎక్కువ కాలం నిలిచేలా, కరెంటు ఖర్చు తగ్గేలా మార్చే పని నేర్చుకుంటానంటోంది. దాన్ని రెట్రోఫిట్ అంటారట. ఫోనులో ఇంగ్లండు వాళ్ళ వీడియోలు చూస్తోంది. మరమ్మతు పనికి వేరే చదువేటి, అది మేం చేసీదే కదా? ఈసెట్ రాయించి బీటెక్ చదివించమంటారా, ఏదైనా ఉద్యోగంలో చేర్చమంటారా? నాలాగ ఎండలో నిలబడే బతుకు మాత్రం దానికి వద్దు.

జవాబు: మేస్త్రిగారూ, నమస్కారం. మీ ఆఖరి మాట దగ్గరే మొదలుపెడతాను. సివిల్ చదివిన వాళ్ళెవరికైనా మొదటి నాలుగైదేళ్ళు ఎండ తప్పదు. జీతం కూడా మొదట్లో తక్కువే. కంప్యూటర్ బ్రాంచి పిల్లలతో పోల్చుకున్న రోజున మీకు బాధ కలుగుతుంది. ఇది దాచి మీకు ధైర్యం చెప్పలేను. అయినా మీ అమ్మాయి మంచి దారే ఎంచుకుందని నా నమ్మకం.

మా అమ్మగారి ఊరు కూడా సముద్రం పక్కనే. అక్కడ మా డాబా ఇంట్లో పదిహేనేళ్ళు తిరగకుండానే శ్లాబు పెచ్చులూడడం మొదలైంది. ఒకరోజు అరచేతంత ముక్క మంచం మీద పడింది, అదృష్టం కొద్దీ మంచం మీద ఎవరూ లేరు. మేస్త్రి వచ్చి, ఊడిన చోట సిమెంటు మాలు కొట్టి, సున్నం వేసి వెళ్ళాడు. రెండేళ్ళకు దాని పక్కన ఊడింది. మళ్ళీ పూత, మళ్ళీ పక్కన. నాలుగోసారి ఒక ఇంజనీరును పిలిచాం. ఆయన శ్లాబును కొంచెం చెక్కి, ఒక సీసాలోంచి మందు చల్లాడు. ఆ మందు ఫినాఫ్తలీన్. కాంక్రీటు బాగున్న చోట గులాబీ రంగు వస్తుంది, గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి దిగి కాంక్రీటులో క్షారం చచ్చిపోయిన చోట రంగే రాదు. మా శ్లాబులో ఊచల దాకా ఎక్కడా రంగు రాలేదు. దానికి తోడు ఉప్పుగాలి. ఊచ బయటపెట్టి చూస్తే సగానికి సగం సన్నబడిపోయి ఉంది.

తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అది లోపల్నుంచి తోస్తుంటే కాంక్రీటు పగిలి కింద పడుతుంది. మీరు పైన ఎంత మంచి మాలు కొట్టినా లోపలి తోపుడు ఆగదు. పైగా పాత ఉప్పు కాంక్రీటు మధ్యలో కొత్త మాలు ముక్క పెడితే, ఆ ముక్క చుట్టూ ఉన్న ఊచ అంతకు ముందుకంటే తొందరగా తుప్పు పడుతుంది. మా ఇంట్లో ప్రతిసారీ పక్కనే ఊడడానికి కారణం అదే. మా మేస్త్రి మంచి పనివాడు, ఈ సంగతి ఆయనకు చెప్పినవాళ్ళు లేరు, అంతే. ఊచ చుట్టూ, వెనకవైపు కూడా చెక్కి, తుప్పంతా గీకి, పూత వేసి, సన్నబడిన చోట కొత్త ఊచ కలిపి, పాలిమర్ మాలుతో కట్టి, సరిగ్గా నీళ్ళు పట్టాలి. ఎంత దూరం చెక్కాలో, ఏ దూలం ఇక పనికిరాదో కొలిచి చెప్పేవాళ్ళు కావాలి. మీరడిగిన చదువు ఇదే.

సముద్రపు గాలి తగిలే చోట ఆర్‌సీసీకి, అంటే ఊచలు వేసిన కాంక్రీటుకు, కనీసం ఎం30 అనే గట్టిదనం ఉన్న రకం వాడాలని, ఊచ మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం, ఉండాలని మన దేశపు కాంక్రీటు నియమావళి ఐఎస్ 456 చెబుతుంది. కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. మన తీరం ఊళ్ళలో కవరు బిళ్ళ ఎంత మందం పెడుతున్నారో, ఏ బోరు నీళ్ళు పోస్తున్నారో నాకంటే మీకే బాగా తెలుసు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తీరం వెంట ఇలా కట్టిన డాబాలు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. వాటన్నిటినీ కూలగొట్టి మళ్ళీ కట్టే డబ్బు ఎవరి దగ్గరా లేదు. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు వంటి కొత్త కట్టడాల్లో ఉద్యోగాలు వస్తాయి, పోతాయి. ఉన్న ఇళ్ళను నిలబెట్టే పనికి మాత్రం మన జిల్లాల్లో ఇంకో నలభై ఏళ్ళు కొరత ఉండదు.

ఇక ఇంగ్లండు వీడియోల సంగతి. చూడనివ్వండి, కానీ ఒకటి గుర్తుపెట్టుకుని చూడమనండి. అక్కడివాళ్ళ బాధ చలి. ఇంట్లో వేడి బయటికి పోకుండా గోడలకు మందంగా దుప్పటి కప్పినట్టు ఇన్సులేషన్ కడతారు, గ్యాస్ బాయిలర్ తీసేసి, బయటి వేడిని కరెంటుతో ఇంట్లోకి లాగే హీట్ పంపు పెడతారు. నెదర్లాండ్స్‌లో ఎనర్జీస్ప్రాంగ్ అనే పద్ధతిలో పాత ఇంటికి ఫ్యాక్టరీలో చేసిన కొత్త గోడ పలకలు తెచ్చి బయటి నుంచి తొడుగుతారు. ముందు కొలిచి, ఇల్లంతా ఒకటిగా చూసి, ఏ పని తర్వాత ఏ పనో వరస పెట్టుకోవడం వాళ్ళ దగ్గర నేర్చుకోవలసిన గొప్ప విద్య. వాళ్ళ సామాను మాత్రం ఇక్కడికి తెస్తే, మన చెమ్మ గోడలోనే ఉండిపోయి కుళ్ళు పడుతుంది.

మన ఇళ్ళకు శత్రువులు ఎండ, ఉప్పు, చెమ్మ, గాలి. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పది దాకా ఇంట్లోకి వేడి వదులుతూనే ఉంటుంది. దాని మీద ఎండను తిప్పికొట్టే తెల్లపూతో తెల్ల టైల్సో వేస్తే ఇల్లు చల్లబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. పెంకుటిల్లు డాబా కంటే చల్లగా ఉంటుంది, కానీ 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పెంకులు, రేకులు ఏమయ్యాయో ఉద్దానం మనిషికి నేను చెప్పక్కర్లేదు. మన పెద్దలు తీరంలో చుట్టిళ్ళు కట్టుకున్నది ఊరికే కాదు, గుండ్రటి గోడను గాలి చుట్టుకుని పోతుంది, మూల పట్టుకుని లేపలేదు. విజయనగరం పాత వీధుల్లో సున్నం గోడల మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేసి చెమ్మను లోపల బంధించేసిన ఇళ్ళు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. సున్నం గోడకు సున్నమే పూయాలి. ఆ గానుగ సున్నం పని తెలిసిన చేతులు మన దగ్గర తగ్గిపోతున్నాయి. మీకు వస్తే దయచేసి అమ్మాయికి నేర్పండి.

వరస తప్పితే డబ్బు ఎలా పోతుందో ఒక ఉదాహరణ. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. మంచి పథకం. అయితే కారుతున్న శ్లాబు మీద ఇరవై అయిదేళ్ళు ఉండాల్సిన పలకలు బిగిస్తే, నాలుగేళ్ళకే శ్లాబు బాగుచేయడానికి అన్నీ విప్పాలి. ముందు నీరు ఆపాలి, తర్వాత ఇనుము సంగతి చూడాలి, ఆ తర్వాత ఎండ, అటుపైన 75 వాట్ల పాత ఫ్యాను స్థానంలో తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను, ఆఖరున సోలార్. ఇంటివాళ్ళకు ఈ మాట చెప్పే మనిషి ఇప్పుడు లేడు. సోలార్ అమ్మేవాడు సోలారే చెబుతాడు, రంగులవాడు రంగే చెబుతాడు.

ఇప్పుడు దారి. ఈసెట్ రాయించండి. ర్యాంకు వస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరుతుంది, అంటే మూడేళ్ళే. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ, చింతలవలసలో ఎంవీజీఆర్, రాజాంలో జీఎంఆర్ఐటీ, టెక్కలిలో ఐతమ్ ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి. ఇంటికి దూరం పంపక్కర్లేదు. బీటెక్ ఎందుకంటే, కేంద్ర ప్రభుత్వపు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ తరఫున జరిగే ఎనర్జీ ఆడిటర్ (కరెంటు, ఇంధనం ఎక్కడ ఎంత ఖర్చవుతోందో లెక్క తేల్చే మనిషి) పరీక్షకు డిప్లొమా వాళ్ళకు ఆరేళ్ళ అనుభవం అడుగుతారు, బీటెక్ వాళ్ళకు మూడేళ్ళు చాలు. నాలుగు పేపర్లు ఉంటాయి, కష్టమైన పరీక్షే. పెద్ద భవనాలకు ఇంధన నిబంధనలు 2007 నుంచి ఉన్నాయి, ఇళ్ళకు ఎకో నివాస్ సంహిత 2018లో వచ్చింది, 2022లో చట్టం సవరించి పెద్ద నివాస భవనాలనూ ఆ నిబంధనల్లోకి తేవడానికి వీలు కల్పించారు. ఈ లెక్కలు వచ్చిన సివిల్ ఇంజనీరుకు విలువ పెరుగుతుంది.

ఇంట్లో డబ్బుకు నిజంగా ఇబ్బందిగా ఉంటే డిప్లొమాతోనే రైల్వే జూనియర్ ఇంజనీరు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్సీ) జూనియర్ ఇంజనీరు పరీక్షలు రాయవచ్చు. గ్రామ సచివాలయాల ఇంజనీరింగ్ అసిస్టెంట్లుగా 2019లో మన పిల్లలు ఎంతోమంది చేరింది డిప్లొమాతోనే. ఇదేమీ ఓడిపోవడం కాదు. ఊరి బడి, ఊరి ఆస్పత్రి మరమ్మతులు చూసే ఇంజనీరుకు ఈ విద్య తెలిసి ఉంటే ఊరికి ఎంత మేలో.

బీటెక్‌లో ఉండగా ఆమె చేయాల్సింది క్లాసు పుస్తకాల్లో పూర్తిగా దొరకదు. కాలేజీ ల్యాబులో రీబౌండ్ హ్యామర్ అనే పరికరం ఉంటుంది. మీరు టైలును తట్టి డొల్ల శబ్దం వింటారు కదా, ఇది కొట్టి కాంక్రీటు ఎంత గట్టిగా ఉందో అంకెలో చెబుతుంది. శబ్ద తరంగాలు పంపి లోపల బీటలు పట్టే పరికరం, ఊచ మీద కవరు కొలిచే పరికరం కూడా వాడడం నేర్చుకోవాలి. ఎనర్జీప్లస్ అనే సాఫ్ట్‌వేరు ఉచితం, ఇల్లు ఏ గంటకు ఎంత కాగుతుందో లెక్క వేసి చూపుతుంది. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు ఎవరి రిపోర్టో కొనుక్కోకుండా మీ ఊళ్ళోనే పది ఇళ్ళు తీసుకోమనండి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి ఇంటి లోపలి వేడి రాసుకోవడం, శ్లాబులు తట్టి చూడడం, కరెంటు బిల్లులు అడిగి తీసుకోవడం. ఆ పది ఇళ్ళ పుస్తకం చేతిలో ఉన్న పిల్లను ఇంటర్వ్యూలో ఎవరూ తేలిగ్గా తీసుకోలేరు.

ఇంకా చదవాలంటే ఎంటెక్ ప్రవేశానికి పెట్టే గేట్ పరీక్ష రాసి ఐఐటీ మద్రాసులో భవన నిర్మాణ సాంకేతికత చదవవచ్చు. ఇంధనం వైపు మనసు పోతే అహ్మదాబాదులో సెప్ట్ విశ్వవిద్యాలయం ఉంది. మట్టి ఇటుకల పనికి 1989లో మొదలైన ఆరోవిల్ ఎర్త్ ఇన్‌స్టిట్యూట్‌లో చిన్న శిక్షణలు ఉంటాయి, సెలవుల్లో వెళ్ళి రావచ్చు. డబ్బు కట్టగానే "గ్రీన్ ఎక్స్‌పర్ట్" అని రెండు వారాల్లో సర్టిఫికెట్ ఇచ్చే సంస్థల జోలికి మాత్రం పోనివ్వకండి. అలా డబ్బు పోగొట్టుకున్న తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి ఏడ్చారు. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ (ఐజీబీసీ) వాళ్ళ పరీక్ష బీటెక్ అయ్యాక, కొంత పని చేశాక రాస్తే చాలు.

ఆడపిల్ల సైటులో ఎలా అన్న భయం మీరు రాయలేదు గానీ ఉంటుందని నాకు తెలుసు. మొదటి ఉద్యోగానికి ముందు జీతం కంటే సైటులో మరుగుదొడ్డి ఉందా, రాత్రి ఎన్నింటికి వదులుతారు అని అడగండి. అడిగితే ఎవరూ తప్పుపట్టరు. పాత భవనాల తనిఖీ పనిలో సగం సమయం ఆఫీసులో లెక్కలకే పోతుంది, మీరు కోరుకున్న నీడ కొంత అక్కడ ఉంది.

మీ సంగతి కూడా ఒకటి. తాపీ ఎత్తడం తెలిసిన తండ్రి చాలామంది ఇంజనీర్లకు లేడు. స్కిల్ ఇండియా కింద, చేతిలో ఉన్న పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు మీలాంటి వాళ్ళకు ఉంది, కనుక్కోండి. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు మీ ఇంటి శ్లాబు కిందే ఇద్దరూ నిలబడండి. పెచ్చులూడిన చోట మీరు చెక్కండి, ఊచ మీద కవరు ఎంత ఉందో ఆమెను కొలవనివ్వండి. ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో నాకు రాయండి, ఆ శ్లాబును ఏం చేయాలో అమ్మాయితో కలిసి చూద్దాం.