చలి ప్రాంతంలో కుండీ మందారాన్ని శీతాకాలం దాటించడం ఎలా? లోపలికి తెస్తే ఆకులెందుకు రాలుతున్నాయి?

ఆకులు రాలడానికి ముఖ్య కారణం వెలుతురు ఒక్కసారిగా తగ్గడం. మొదటి రెండు మూడు వారాలు పసుపెక్కి రాలతాయి, చెట్టు చావదు. చాలామంది ఇక్కడే కంగారుపడి నీళ్లు ఎక్కువ పోస్తారు; వేర్లు కుళ్లేది అప్పుడే. పైమట్టి రెండు సెంటీమీటర్ల లోతు వరకు ఆరాకే పోయండి, పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. కొత్త చిగురు వచ్చేదాకా ఎరువు వద్దు.

రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్‌కి దిగకముందే కుండీ లోపలికి రావాలి. తెచ్చేముందు ఆకుల అడుగుభాగాన్ని నీళ్లధారతో కడగండి. పేనుబంక, తెల్లదోమ అక్కడే దాక్కుంటాయి. ఎండ బాగా పడే కిటికీ దగ్గర పెట్టండి, హీటర్ గాలి మాత్రం నేరుగా తగలకూడదు. ఆ పొడిగాలి మొక్కల నల్లికి (ఆకుల రసం పీల్చే కంటికి ఆనని పురుగు) పండగే: ఆకుల మీద సన్నటి చుక్కలు, అడుగున బూజులాంటి దారాలు కనిపిస్తాయి. మొక్కల కోసం అమ్మే సబ్బు ద్రావణాన్ని వారానికోసారి, కనీసం మూడుసార్లు చల్లండి. ఒక్కసారితో గుడ్లు పోవు.

చలికాలం చివర్లో కొమ్మల్ని మూడో వంతు కత్తిరించండి. పూలు కొత్త కొమ్మలకే వస్తాయి. రాత్రులు మళ్లీ 10 డిగ్రీలు దాటాక బయట పెట్టొచ్చు. మొదటి వారం నీడలోనే ఉంచండి, లేకపోతే లేత ఆకులు మాడిపోతాయి.