బెల్లానికి డ్రై ఫుడ్డా, వెట్ ఫుడ్డా?

చి. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ పిల్లి బెల్లానికి డ్రై ఫుడ్ పెట్టాలా, వెట్ ఫుడ్ పెట్టాలా అని అడిగిన నీ మెసేజ్ చూశాను. ఫోన్లో చెప్తే సగం నువ్వు మర్చిపోతావు, సగం నేను మర్చిపోతాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

నువ్వడిగినదానికి జవాబు ముందే చెప్పేస్తా. రెండూ పెట్టు. పగలు గట్టి గింజల్లా ఉండే డ్రై ఫుడ్ కొలిచి పెట్టు, రాత్రికి పౌచ్‌లలో వచ్చే మెత్తటి వెట్ ఫుడ్. ఎండలు ముదిరాక వెట్ పాలు పెంచు. చేతిలో డబ్బు ఆడితే మొత్తం వెట్ ఫుడ్డే పెట్టినా మంచిదే. మగపిల్లిని, అందులోనూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన దాన్ని, ఒట్టి డ్రై ఫుడ్ మీద మాత్రం ఉంచొద్దు. ఎందుకో కింద రాశాను, అల్లుడికి కూడా చదివి వినిపించు. పౌచ్‌ల ఖర్చు చూసి గొణుగుతున్నాడన్నావుగా.

ముందు మీ అత్తగారి మాట. మా కాలంలో పిల్లులు పెరుగన్నం తినే బతికాయి, ఇప్పుడీ ప్యాకెట్లేంది అన్నారన్నావు. ఆవిడ చూసిన మాట నిజమే. మా కావలి పాతింట్లోనూ రోజూ ఇంత పెరుగన్నం వసారాలో పెట్టేవాళ్ళం. కానీ ఆ పిల్లిని సాకింది మేం కాదు, వడ్ల బస్తాల గదిలో ఎలుకలు. రాత్రంతా అది కడుపు నింపుకుని వచ్చి, పొద్దున మా అన్నం మీద మర్యాదకి నాలుగు మెతుకులు గతికేది. ఎలుక ఒంట్లో దాదాపు 70 శాతం నీళ్ళే. మాంసం, కొవ్వు, నీళ్ళు అన్నీ ఒక్కదాంట్లోనే దొరికేవి. ఒంగోల్లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో మీ బెల్లానికి ఎలుక ఎక్కడ దొరుకుతుంది? దానికి నువ్వు పెట్టిందే గతి.

పైగా పిల్లి ఒంటికి టారిన్ అనే పదార్థం కావాలి. కుక్కలు చాలావరకు ఒంట్లోనే తయారు చేసుకుంటాయి, పిల్లులకు ఆ శక్తి చాలదు. మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో, పప్పులో ఉండదు. అది తక్కువైతే కంటిచూపు పోతుంది, గుండె ఉబ్బి బలహీనపడుతుంది. ఈ గుండె జబ్బుకూ టారిన్‌కూ ఉన్న లింకును 1987లో అమెరికాలో డేవిస్ ఊళ్ళోని కాలిఫోర్నియా యూనివర్సిటీ పశువైద్యులు తేల్చారు. ఆ తర్వాతే కంపెనీలు ఫుడ్‌లో టారిన్ పెంచాయి. కాబట్టి అత్తయ్యగారితో వాదన పెట్టుకోకు. ఒక చెంచా పెరుగు ఆవిడ చేత్తో పెట్టనీ, ఏం కాదు. పాలు మాత్రం వద్దని మెల్లిగా చెప్పు. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లి సామెతలో బాగుంటుందే గానీ, ఆ తర్వాత అది దొడ్డికి పోయే ఇసుక ట్రే, అదే లిట్టర్ ట్రే, కడిగేది నువ్వే.

ఇక నీళ్ళ సంగతి. పిల్లుల మూలం ఆఫ్రికా వైపు ఎడారి అడవిపిల్లి. వేటాడిన దాంట్లోంచే నీళ్ళు తీసుకుని, మూత్రాన్ని బాగా చిక్కబరిచి బతకడం దానికి అలవాటు. అందుకే దాహం వేయడం తక్కువ. నాలుగు కిలోల పిల్లికి తిండిలోదీ తాగేదీ కలిపి రోజుకు 200 మిల్లీలీటర్ల దాకా నీళ్ళు కావాలి. డ్రై ఫుడ్‌లో ఉండే నీళ్ళు పది శాతం లోపే. వెట్ ఫుడ్‌లో 75 నుంచి 85 శాతం. అంటే 85 గ్రాముల పౌచ్ ఒకటి తిన్నదంటే ఇంచుమించు 65, 70 మిల్లీలీటర్లు దానికి తెలియకుండానే లోపలికి పోయినట్టే. డ్రై తినే పిల్లి గిన్నె దగ్గరికి ఎక్కువసార్లు వెళ్తుంది, నిజమే. కానీ ఎన్నిసార్లు వెళ్ళినా మొత్తం లెక్క వెట్ తినే పిల్లి దాకా రాదు.

నీళ్ళు తక్కువైతే మూత్రం చిక్కబడుతుంది, స్ఫటికాలు కడతాయి. మగపిల్లికి మూత్రనాళం సన్నం. ఆడపిల్లికి వెడల్పు, దానికి ఈ గండం తక్కువ. మా ఎదురింట్లో ఇట్టాగే ఒక మగపిల్లి ఉండేది. బొద్దుగా, పొద్దస్తమానం గిన్నె నిండా డ్రై ఫుడ్. ఒక ఎండాకాలం పొద్దున అది లిట్టర్ ట్రేలోకి పోయి కూర్చుంటుంది, లేస్తుంది, రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి పోతుంది. వీపు వంచి ముక్కుతుంది, వెనక నాక్కుంటుంది. ఇసుకలో చూస్తే ఒక్క తడి చుక్క. వాళ్ళు మలబద్ధకం అనుకుని ఆముదం సీసా తీశారు. నేను పొట్ట కింద మెల్లిగా చెయ్యి ఆనిస్తే బత్తాయి కాయంత గట్టిగా తగిలింది, అది అరిచి పక్కకి గెంతింది. అప్పటికప్పుడు కారెక్కించి నెల్లూరు తీసుకెళ్తే మత్తిచ్చి గొట్టం వేశారు, బతికింది. మూత్రం పూర్తిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లో ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. తిండి ఒక్కటే కారణం అనను. ఒళ్ళు రావడం, ఇల్లు మారడం, ఇంట్లో కొత్త మనుషులు, ఆ టెన్షన్ కూడా కలుస్తాయి. మీరు మొన్ననే ఇల్లు మారారు కాబట్టి చెప్తున్నా. బెల్లం అట్టా ట్రేలో ఊరికే కూర్చుంటూ లేస్తూ ఉంటే తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. ఆ రాత్రికే డాక్టర్ దగ్గరికి పరిగెత్తండి. మనం వేసుకునే పారాసిటమాల్ మాత్ర నొప్పికని ముక్క కూడా వేయొద్దు, పిల్లికి అది విషం.

ఇప్పుడు అల్లుడి లెక్క. ఆపరేషన్ అయిన నాలుగు కిలోల ఇంటి పిల్లికి రోజుకు 200 కేలరీలు, కాస్త అటూ ఇటూ. డ్రై ఫుడ్ వంద గ్రాములకు 350 నుంచి 400 ఇస్తుంది, 85 గ్రాముల పౌచ్ 70 దాకా ఇస్తుంది. ఒట్టి డ్రై అయితే 55 గ్రాములు చాలు, నెలకు ఏడొందల్లోపు అయిపోతుంది. ఒట్టి పౌచ్‌లైతే రోజుకు మూడు, ఇప్పుడున్న నలభై, యాభై రూపాయల ధరకు నెలకు నాలుగు వేలు. రోజుకు ఒక పౌచ్, 35-40 గ్రాముల డ్రై పెడితే పద్దెనిమిది వందల దగ్గర తేలుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రెండు పౌచ్‌లు చేసి డ్రై 20 గ్రాములకు తగ్గించు. వంటింటి త్రాసులో తూచి పెట్టు, పిడికిలి లెక్క వద్దు. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే నొక్కకుండానే ఎముకలు తెలియాలి. తెలియకపోతే అది ముద్దు కాదు, బరువు.

పళ్ళు శుభ్రపడతాయని డ్రై ఫుడ్డే పెట్టమన్నాడంటగా షాపువాడు. చాలా పిల్లులు దాన్ని నమలవు, అట్టే మింగేస్తాయి. పళ్ళ కోసమని చేసినవి వేరే ఉంటాయి.

కొనేటప్పుడు బొమ్మ చూడకు, వెనక చిన్న అక్షరాలు చదువు. కంప్లీట్ అని ఉంటేనే అది భోజనం. కాంప్లిమెంటరీ అని ఉంటే చిరుతిండి. ట్యూబుల్లో వచ్చే క్రీము లాంటివన్నీ దాదాపు ఆ బాపతే. పూటకొకటి నాకిస్తే ఆ తర్వాత అసలు తిండి ముట్టదు.

నువ్వు మురిపెంగా రాసిన ఇంకో సంగతి, ఆదివారం కొత్తపట్నం చేపలు తెచ్చినప్పుడు దానికీ పెడుతున్నావని. పెట్టు, కాకపోతే ఉడికించి. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది. రోజూ పచ్చివి తిన్న పిల్లి కొన్నాళ్ళకు తల వంచుకుని తూలుతుంది, ఫిట్స్ కూడా వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైము పోతుంది. ఉప్పు, పసుపు, కారం ఏవీ లేకుండా ఒట్టి నీళ్ళలో నాలుగు ముక్కలు ఉడికించి, ముల్లు తీసి, ఆ ఉడికిన నీళ్ళతో సహా పెట్టు. ఆ నీళ్ళే దానికి పాయసం. పులుసులో ముక్క కడిగి పెడితే సరిపోదూ అంటావేమో, సరిపోదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను చితక్కొడతాయి, కడిగినా రసం ముక్కలోకి దిగే ఉంటుంది. నెల్లూరు చేపల పులుసు మనకి ఎంత అమృతమైనా దాని నోటికి వద్దు. ఎండునెత్తళ్ళు కూడా ఇవ్వకు, ఉప్పు ఎక్కువ. కానాగంతల్లాంటి నూనె చేపలు రోజూ వద్దు, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. కొసరుకే చేప, కడుపుకి మాత్రం కంప్లీట్ ఫుడ్డే.

మన ఎండలకు వెట్ ఫుడ్ గిన్నెలో గంటకు మించి ఉంచకు. రోహిణి కార్తెలో అయితే అరగంటకే వాసన తిరుగుతుంది. సగం పౌచ్ మిగిలితే మూత డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టు, రెండు రోజుల్లో అయిపోవాలి. చల్లటిది చాలా పిల్లులు మూతి పెట్టవు. ఒక చెంచా వేడినీళ్ళు పోసి కలుపు, వాసన లేస్తుంది, తింటుంది, ఆ చెంచాడు నీళ్ళూ లోపలికి పోతాయి. చీమల గొడవ నీకెట్టాగూ తప్పదు. వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి మధ్యలో గిన్నె పెట్టు. డ్రై ఫుడ్ పెద్ద బస్తా చవకని ఎగబడకు. కార్తీకం ముసుర్లలో తెరిచిన బస్తా మెత్తబడి బూజు పడుతుంది, నూనె కమిలిన వాసన వస్తుంది. నెలకు సరిపడా కొని, ఆ కవరుతోనే గాలి దూరని డబ్బాలో దింపు. నీళ్ళ గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టు, తిండికీ లిట్టర్‌కీ దూరంగా. మట్టి మూకుడు మంచిది, చల్లగా ఉంటుంది. మీరు తాగే నీళ్ళే పొయ్యి. మీ ప్రకాశం జిల్లాలో బోరు నీళ్ళ ఫ్లోరైడ్ సంగతి నీకు తెలిసిందేగా.

ఒక్కసారిగా మార్చొద్దు. ఇప్పుడు తినే డ్రైలో ఒక చెంచా వెట్ కలిపి మొదలుపెట్టి, వారం పది రోజుల్లో కొంచెం కొంచెం పెంచు. ముట్టకపోతే ఆకలేస్తే అదే తింటుందిలే అని పంతానికి పోకు. కుక్క దగ్గర చెల్లుతుంది, పిల్లి దగ్గర చెల్లదు. రెండు మూడు రోజులు పస్తుంటే, అందులోనూ ఒళ్ళున్న పిల్లి అయితే, కొవ్వంతా కాలేయంలో చేరి ప్రాణం మీదికొస్తుంది. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే పాత తిండికి తిరిగి రా. అదీ ముట్టకపోతే డాక్టర్‌కి చూపించు.

సంక్రాంతికి దాన్ని కూడా తెస్తానన్నావు, తీసుకురా. అది తినే రకం డ్రై ఫుడ్ వారానికి సరిపడా, పౌచ్‌లు పదీ సంచిలో పెట్టుకో, ఇక్కడ అదే రకం దొరుకుతుందన్న నమ్మకం లేదు. దాని లిట్టర్ ట్రే కడగకుండా కొంచెం పాత ఇసుకతోనే తీసుకురా, కొత్త చోట బెదిరి మూత్రం ఆపుకోకుండా ఉంటుంది. వెనక గది ఖాళీ చేసి ఉంచుతాను. మీ పెద్దనాన్నకు చేపల పులుసు దాని ముందు తినొద్దని ఇప్పటినుంచే చెప్తున్నా, వినేలా లేరు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ
కావలి