టాక్సీ రూటు గొడవలో కాల్చింది ఒకడే, హత్య కేసు ఆరుగురి మీదా: దక్షిణాఫ్రికాలో ఇదెలా నిలబడుతుంది?

అడిగిన ప్రశ్న ఇదీ: దక్షిణాఫ్రికాలో రెండు టాక్సీ సంఘాలకు ఒక రూటు మీద గొడవ. ఒక బండిలో ఆరుగురు వచ్చారు. ఒకడు తుపాకీ పేల్చాడు, అవతలి సంఘం మనిషి చనిపోయాడు. మిగతా ఐదుగురి మీదా హత్య నేరమే ఎందుకు పెట్టారు? ఇది మన సెక్షన్ 34 లాంటిదేనా?

సెక్షన్ 34కి (కొందరు ఒకే ఉద్దేశంతో చేసిన నేరానికి అందరినీ బాధ్యుల్ని చేసే మన ఐపీసీ నిబంధనకి) దగ్గరి చుట్టమే గానీ అదే కాదు. అక్కడ దీన్ని కామన్ పర్పస్ అంటారు, కలిసి నేరానికి దిగినవాళ్లలో ఒకడు చేసిన పనిని మిగతావాళ్ల మీదా వేసే సూత్రం. ఇలాంటి కేసుల రికార్డులతో పనిచేసినవాళ్లకు మొదట అర్థమయ్యేది ఒకటుంది. "గుంపులో ఉన్నాడు" అన్న మాటకు కోర్టులో పెద్ద విలువ లేదు. ఒక్కొక్క ముద్దాయి తన చేత్తో, నోటితో ఏం చేశాడు, ఏ క్షణంలో చేశాడు, అప్పుడు అతని మనసులో ఏముంది అన్న మూడింటి మీదే కేసు నిలుస్తుంది, పడిపోతుంది.

ముందు టాక్సీ సంగతి చెప్పాలి, లేకపోతే గొడవ అర్థం కాదు. అక్కడ టాక్సీ అంటే ఫోన్‌లో బుక్ చేసుకునే క్యాబ్ కాదు. సుమారు పదహారు సీట్ల మినీబస్సు. మన ఊళ్లలో షేర్ ఆటో చేసే పనిని అక్కడ అది చేస్తుంది, ఇంకా చాలా పెద్ద ఎత్తున. 1987 నాటి శ్వేతపత్రం, 1988 నాటి సడలింపు చట్టం తర్వాత పర్మిట్లు తేలికగా దొరికాయి. బళ్లు విపరీతంగా పెరిగాయి, జనం ఎక్కే రూట్లు మాత్రం అవే. దాంతో రూటే ఆస్తి అయిపోయింది. ఏ ర్యాంకులో (టాక్సీ స్టాండులో) ఎవరి బండి ముందు నిలబడాలో సంఘం చెబుతుంది, క్యూ మార్షల్ అమలు చేస్తాడు. సంఘంలో చేరడానికి డబ్బు కట్టాలి, చేరాక చందాలు కడుతూ ఉండాలి. ఈ మధ్య యాప్ కార్లు షాపింగ్ మాల్స్ దగ్గర జనాన్ని ఎక్కించుకోవడం మీద కూడా ఇదే రకం పోరు. కిరాయి హంతకుణ్ణి అక్కడ "ఇంకాబి" అంటారు. జులూలో ఆ మాటకు అర్థం ఎద్దు. కాల్చేవాడూ, చావు కోరుకునేవాడూ చాలాసార్లు ఒకరు కారు. కాబట్టి ఈ రంగంలో కామన్ పర్పస్ లేకుండా ప్రాసిక్యూషన్‌కు అడుగు పడదు.

ఈ సూత్రానికి రెండు దారులున్నాయి. ఒకటి, ముందే కూడబలుక్కోవడం. రెండోది, కూడబలుక్కున్నట్టు సాక్ష్యం లేకపోయినా అక్కడికక్కడ చేతల్లో కలిసిపోవడం. మొదటిదాంట్లో ముద్దాయి ఘటనా స్థలంలో ఉండనక్కర్లేదు. డర్బన్‌లో కూర్చుని ఫోన్ చేసినవాడు కూడా హంతకుడే అవుతాడు. రెండోదాంట్లో మాత్రం ఐదు అంశాలు రుజువు కావాలి. వీటిని మ్గెడెజి కేసులో 1988లో అప్పీలు కోర్టు స్థిరపరిచింది. అది వాల్ రీఫ్స్ బంగారు గని హాస్టల్లో టీమ్ లీడర్ల మీద కార్మికులు చేసిన దాడి కేసు.

ముద్దాయి దాడి జరుగుతున్న చోట ఉండాలి. దాడి జరుగుతోందని అతనికి తెలియాలి. దాడి చేస్తున్నవాళ్లతో ఒకటవ్వాలన్న ఉద్దేశం ఉండాలి. ఆ ఉద్దేశం ఏదో ఒక చేతలో బయటపడాలి. చివరిగా, చంపాలన్న కోరికైనా ఉండాలి, లేదా చావు జరగొచ్చని తట్టి కూడా "అయితే కానీ" అని సాగిపోయి ఉండాలి. ఈ రెండో రకం మనఃస్థితికి అక్కడి లాయర్ల మాట డోలస్ ఈవెంచువాలిస్. టాక్సీ కేసుల్లో వాదనల్లో సగం దీని చుట్టూనే తిరుగుతాయి.

ఐదింటిలో ప్రాసిక్యూషన్ ఎక్కువగా జారేది నాలుగో మెట్టు మీద, అంటే చేత చూపడంలో. పేలిన తూటాకూ మిగతావాళ్లకూ కార్యకారణ సంబంధం చూపాల్సిన పని లేదని 1987లో సఫాట్సా కేసులో తేల్చారు. షార్ప్‌విల్ సిక్స్ అని లోకమంతా మాట్లాడుకున్న కేసు అదే. 1984 సెప్టెంబరు 3న ఒక డిప్యూటీ మేయర్‌ను గుంపు చంపింది. శిక్ష పడ్డవారిలో ఒక మహిళ ఉంది. ఆమె చేసిందల్లా చంపమని అరవడం, నిప్పు పెట్టొద్దని వారించిన ఇంకో స్త్రీని చెంపదెబ్బ కొట్టడం. ఆరుగురికీ ఉరిశిక్ష వేశారు, తర్వాత దాన్ని తగ్గించారు. కార్యకారణం అక్కర్లేదన్న సూత్రం ఎంత దూరం పోగలదో అక్కడ కనిపిస్తుంది. మరుసటి ఏడాదే వచ్చిన మ్గెడెజి తీర్పు దానికి కళ్లెం వేసింది. ముద్దాయిలందరినీ ఒక మూటగా కట్టి చూడొద్దు, ఒక్కొక్కడి మీద ఏ సాక్ష్యం ఉందో విడిగా తూచమంది. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా పనికొచ్చే తీర్పు అదే. రాజ్యాంగం వచ్చాక ఈ సూత్రమే చెల్లదని వాదించారు. 2003లో థీబస్ కేసులో రాజ్యాంగ న్యాయస్థానం ఆ వాదన తోసిపుచ్చింది.

ఇప్పుడు మీ బండిలోని ఆరుగురినీ విడదీద్దాం. కాల్చినవాడి సంగతి తెలిసిందే. డ్రైవర్ ర్యాంకు దగ్గర ఇంజను ఆపకుండా నిలిపి, పేలగానే దూకించాడనుకోండి. అది కలిసిపోయిన చేతే, అయితే తుపాకీ ఉందని అతనికి తెలిసుండాలి. ముందు సీట్లో కూర్చుని "అదిగో వాడే" అని వేలు చూపినవాడు దాదాపు కాల్చినవాడితో సమానం. వెనక సీట్లో కర్ర పట్టుకుని దిగి, అడ్డొచ్చిన క్యూ మార్షల్‌ను తోసేసినవాడి దగ్గర లెక్క చిక్కబడుతుంది. బెదిరించడానికి వచ్చామనే అతను అనుకున్నాడా? బండిలో తుపాకీ చూశాడా? చూసుంటే చావు తట్టకుండా ఉంటుందా? ఐదోవాడు బండిలోంచి దిగనేలేదు, నోరు విప్పలేదు. ముందస్తు ఒప్పందం రుజువు కాకపోతే అతని మీద హత్య నిలబడడం కష్టం. ఆరోవాడు అంతా అయిపోయాక తుపాకీ దాచాడు, అంతకుముందు ఏమీ తెలియదు. అతనిది హత్య కాదు, నేరం జరిగాక సాయపడిన వేరే నేరం.

కొట్టడానికే అని బయల్దేరి చావు దాకా పోతే? దొమ్మీకి దిగినవాడు అక్కడ జరిగిన ప్రతి చావుకూ బాధ్యుడన్న పాత సూత్రాన్ని దక్షిణాఫ్రికా 1960ల్లోనే వదిలేసింది. చావు తట్టి కూడా సాగిపోయినవాడిది హత్య. తట్టలేదు గానీ తట్టాల్సింది అన్నచోట కల్పబుల్ హోమిసైడ్. అదీ కాకపోతే దాడి నేరం. మన విద్యార్థులు తడబడేది ఇక్కడే. కల్పబుల్ హోమిసైడ్ అంటే మన దగ్గర ఉద్దేశంతోనో, ఎరుకతోనో చేసిన మరణం. అక్కడ నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణం. మాట ఒకటే, సరుకు వేరు.

తర్వాతది టైము. ప్రాణం తీసే గాయం తగిలాక వచ్చి చేరినవాడి సంగతేంటి? 1990లో మోటౌంగ్ కేసులో కోర్టు అతన్ని హత్య చేసినవాడిగా చూడలేదు, హత్యాయత్నం దగ్గర ఆపింది. అందుకే ర్యాంకు గొడవల్లో పోస్ట్‌మార్టం రిపోర్టు చదివే పద్ధతి వేరు. ఏ గాయం ప్రాణం తీసింది, దాని తర్వాత ఎంతసేపు బతికి ఉండొచ్చు అన్న రెండు సంగతులూ డాక్టరును క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడక్కపోతే చివర్లో చేరినవాడి లాయరు తన కేసును తానే వదులుకున్నట్టు. సీసీటీవీ గడియారం, ఫోన్ కాల్ రికార్డు గడియారం ఒకదానితో ఒకటి సరిచూసుకోవాలి. కెమెరా టైము నాలుగైదు నిమిషాలు తప్పు చూపిస్తే చేరిన క్షణమే తారుమారు అవుతుంది.

సంఘం మీటింగులో చావు నిర్ణయించారన్న కేసుల్లో ఇంకో చిక్కు. అందరూ డబ్బు వేశారు కాబట్టి అందరూ హంతకులేనా? కాదు. మామూలు చందా కట్టడం కలిసిపోవడం కాదు. ఆ డబ్బు దేనికో తెలిసి ఇచ్చాడని చూపాలి. కాబట్టి పోలీసులు మినిట్స్ బుక్కు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్లు, వాట్సాప్ సందేశాలు, క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సెక్షన్ 205 కింద తెప్పించిన కాల్ రికార్డులు ఒక వరసలో పేరుస్తారు. టవరు రికార్డు ఒక్కటే ఉంటే అది ఆ ప్రాంతంలో ఫోన్ ఉందని చెబుతుంది తప్ప చేతిలో ఏముందో, మనసులో ఏముందో చెప్పదు.

లోపలి మనిషి సాక్ష్యం సెక్షన్ 204 దారిలో వస్తుంది. మన అప్రూవర్ లాంటివాడే. దాపరికం లేకుండా జవాబిచ్చాడని కోర్టు తృప్తి పడితే అతనికి విచారణ నుంచి విముక్తి. తన మెడ తప్పించుకోవడానికి వేరొకణ్ణి ఇరికించే ప్రమాదం ఉంటుంది గనక కోర్టు జాగ్రత్తగా చూస్తుంది. ఒకే సాక్షి మీద శిక్ష వేయడానికి సెక్షన్ 208 ఒప్పుకుంటుంది. కానీ ర్యాంకు గందరగోళంలో, ఒకే రంగు బళ్ల మధ్య, పరిగెడుతూ చూసిన ముఖం గుర్తింపు ఎంత నమ్మదగిందన్న ప్రశ్న అలాగే ఉంటుంది. వెలుతురు, దూరం, ఎంతసేపు చూశాడు, ముందే పరిచయం ఉందా అన్నవి 1972 నాటి మ్థెత్వా తీర్పు నుంచీ చూస్తున్న కొలతలే.

ఒక ముద్దాయి పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం ఇంకో ముద్దాయి మీద చెల్లదు. 2014లో లిటాకో కేసులో సుప్రీం అప్పీలు కోర్టు ఈ మాట చెప్పింది, 2015లో మ్లోంగో కేసులో రాజ్యాంగ న్యాయస్థానం ఖాయం చేసింది. "వాడు నా పేరు చెప్పాడట, ఇక అయిపోయింది" అని భయపడి తానూ సంతకం పెట్టేవాళ్ల వల్లే చాలా కేసులు ముడిపడతాయి. అవతలివాడి వాంగ్మూలం కట్టేయదు గానీ తన సంతకం తన్ను కట్టేస్తుంది.

మధ్యలో మనసు మార్చుకుని వెళ్లిపోతే? కుదురుతుంది, కానీ ధర ఉంటుంది. పథకంలో పాత్ర ఎంత పెద్దదైతే, బయటపడ్డానని చూపడానికి అంత గట్టి పని చేయాలి. ఊరికే వెంట వచ్చినవాడు వెనక్కి తిరిగిపోతే చాలవచ్చు. తుపాకీ తెచ్చినవాడు, మనిషిని చూపించినవాడు కేవలం బండి దిగి నడిచిపోతే చాలదు. భయపడి పారిపోవడం వేరు, విడిపోవడం వేరు.

ఇప్పుడు మన చట్టంతో పోలిక. ఐపీసీ 34 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 3(5), 149 ఇప్పుడు 190. 34లో ఉమ్మడి ఉద్దేశం కావాలి. ఒకే రకం ఉద్దేశం ఐదుగురికి విడివిడిగా ఉంటే సరిపోదని పాండురంగ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ హైదరాబాద్ కేసులో 1954 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన పాత హైదరాబాదు రాష్ట్రం నుంచి వెళ్లిన అప్పీలే. దక్షిణాఫ్రికాలో రెండో దారి మన 34 కన్నా వెడల్పు, ఎందుకంటే ముందుగా మనసులు కలవనక్కర్లేదు. కానీ మన 149 కన్నా ఇరుకు. 149లో ఐదుగురు, చట్టవిరుద్ధమైన గుంపు, ఉమ్మడి లక్ష్యం ఉంటే సభ్యుడవ్వడమే ముప్పు. అక్కడ అంకె లేదు, ఇద్దరైనా చాలు. కానీ సభ్యత్వం చాలదు, చేత కావాలి. ఈ హద్దు మరిచిపోతే ఏమవుతుందో 2012లో మరికానా చూపించింది. పోలీసులు 34 మంది గని కార్మికులను కాల్చి చంపితే, ఆ హత్యలు పట్టుబడ్డ 270 మంది తోటి కార్మికుల మీదే కామన్ పర్పస్ కింద మోపారు. దేశమంతా మండిపడటంతో కొద్దిరోజుల్లోనే తాత్కాలికంగా వెనక్కి తీసుకున్నారు.

శిక్ష విషయంలో దయ తక్కువ. 1997 నాటి 105వ చట్టం సెక్షన్ 51(1) కింద ఉమ్మడిగా చేసిన హత్యకు కనీస శిక్షే యావజ్జీవం. కాల్చినవాడికీ డ్రైవరుకూ తేడా లేదు. బలమైన ప్రత్యేక కారణాలు చూపితేనే తగ్గిస్తారు. బెయిలు కూడా షెడ్యూల్ 6 (అతి తీవ్రమైన నేరాల జాబితా) కిందికి వస్తుంది, అసాధారణ పరిస్థితులున్నాయని ముద్దాయే చూపాలి. ఆరోపణ పత్రంలో కామన్ పర్పస్ అన్న మాట, దానికి ఆధారమైన సంగతులు ముందే ఉన్నాయో లేదో మొదటి రోజే చూసుకోవాలి. లేకపోతే అప్పుడే అభ్యంతరం చెప్పాలి.

తుపాకీ కేసు మాత్రం విడిగా నడుస్తుంది. హత్యలో భాగస్వామి అయినంత మాత్రాన తుపాకీ అందరి స్వాధీనంలో ఉన్నట్టు కాదు. మ్బూలి కేసులో సుప్రీం అప్పీలు కోర్టు ఈ తేడా గీసింది. అందరి తరఫునా ఒకడు పట్టుకోవాలని అందరూ అనుకున్నారు, పట్టుకున్నవాడూ అందరి కోసమే పట్టుకున్నాడు అని రెండూ రుజువైతేనే ఉమ్మడి స్వాధీనం. అందుకే ఒకే తీర్పులో డ్రైవరు హత్యకు దోషి, తుపాకీ కేసులో నిర్దోషి అని కనిపిస్తే అది అచ్చుతప్పు కాదు.