బ్లూమింగ్టన్‌లో అమ్మానాన్నలతో భోజనానికి: ఫోర్త్ స్ట్రీట్ చూడండి

అమెరికాలో ఇండియానా యూనివర్సిటీ ఉన్న బ్లూమింగ్టన్‌లో అమ్మానాన్నలతో ఎక్కడ తినాలని అడిగారు. మే నెలలో గ్రాడ్యుయేషన్‌కి మీ అమ్మానాన్న వస్తున్నారు, అమ్మగారు శాకాహారి, నాన్నగారు బీఫ్ ముట్టరు, కారు లేదు అన్నారు కదా. క్యాంపస్ ముందున్న కిర్క్‌వుడ్ అవెన్యూ మీద ఎక్కువగా బార్లూ బర్గర్లే. ఒక్క వీధి దక్షిణానికి దిగండి. ఫోర్త్ స్ట్రీట్‌లో ఇండియానా అవెన్యూ నుంచి గ్రాంట్ స్ట్రీట్ దాకా పాత ఇళ్లనే రెస్టారెంట్లుగా మార్చారు. క్యాంపస్ నుంచి నడకే.

నేనైతే ముందు అదే వీధిలోని లిటిల్ టిబెట్ అనే టిబెటన్ రెస్టారెంట్‌కే తీసుకెళ్తాను. ఇండియానాలో టిబెటన్ తిండేంటి అంటారా? దలైలామా అన్నగారు తుబ్తెన్ జిగ్మే నోర్బు ఇక్కడి యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పారు, 1979లో ఊళ్లో టిబెటన్ సెంటర్ కూడా పెట్టారు. మోమోలు అడిగేటప్పుడు మాత్రం లోపల ఏం కూరారో కనుక్కోండి, బీఫ్ ఉండొచ్చు. ఎక్కడైనా థాయ్ కూరలు తీసుకుంటే, అమ్మగారి కోసం ఫిష్ సాస్ (చేపలతో చేసే సాస్) సంగతి అడగాలి, ‘వెజ్’ అంటే సరిపోదు.

పిజ్జాకి థర్డ్ స్ట్రీట్‌లో మదర్ బేర్స్ ఉంది. శనివారం పొద్దున్నైతే సిటీ హాల్ పక్కన రైతుబజారు లాంటి ఫార్మర్స్ మార్కెట్ చూపించండి, మీ నాన్నగారికి కాలక్షేపం.

అన్నట్టు, గ్రాడ్యుయేషన్ వారాంతంలో ఊరంతా కిటకిటే. టేబుల్ ఇప్పుడే బుక్ చేసుకోండి. రిజర్వేషన్ తీసుకోని చోటికి సాయంత్రం ఐదింటికే వెళ్లిపోండి.