ఇద్దరూ ఒక జంప్ చేశారా, చెరో జంప్ చేశారా?

సందేహం: నేను క్రీడా వార్తలు అనువదిస్తుంటాను. 2017లో ఫిన్లాండ్‌లోని లాహ్తిలో జరిగిన ప్రపంచ నార్డిక్ స్కీ పోటీల గురించి రాస్తూ, నార్డిక్ కంబైన్డ్ టీమ్ స్ప్రింట్ దగ్గర ఇలా రాశాను: “జర్మనీ ఆటగాళ్లు ఎరిక్ ఫ్రెంజెల్, యొహన్నెస్ రిడ్జెక్ ఇద్దరూ ఒక జంప్ చేసి, 7.5 కిలోమీటర్లు స్కీయింగ్ చేసి బంగారు పతకం గెలిచారు.” ఆఫీసులో మిత్రుడొకడు దాన్ని “ప్రతి ఒక్కరూ ఒక జంప్ చేసి, ప్రతి ఒక్కరూ 7.5 కిలోమీటర్లు స్కీయింగ్ చేసి” అని దిద్దాడు. ఏది సరి?

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణం తప్పలేదు. కానీ చదివితే ఇద్దరినీ ఒక తాడుతో కట్టి కొండ మీంచి ఒకేసారి దూకించినట్టుంది. మీ మిత్రుడి దిద్దుబాటు ఆ చిక్కు తీర్చింది గానీ తెలుగును కాస్త ఇబ్బంది పెట్టింది.

ఆట తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. నార్డిక్ కంబైన్డ్‌లో ఒకే ఆటగాడు రెండు పనులూ చేయాలి. ముందు ఎత్తైన ర్యాంపు మీంచి స్కీల మీద జారుతూ వచ్చి గాల్లోకి దూకాలి. తర్వాత మంచు దారిలో కిలోమీటర్ల కొద్దీ స్కీయింగ్ చేయాలి. 1924లో షమోనీలో జరిగిన మొదటి శీతాకాల ఒలింపిక్స్ నుంచీ ఈ ఆట ఉంది. టీమ్ స్ప్రింట్‌లో జట్టుకు ఇద్దరు. వాళ్ల జంప్‌లకు వచ్చిన పాయింట్లను కలుపుతారు. జట్ల మధ్య ఉన్న పాయింట్ల తేడాను సెకన్లలోకి మార్చి, ఎక్కువ వచ్చిన జట్టును ముందు, మిగతా జట్లను ఆ తేడాను బట్టి వెనక వదులుతారు. దీన్ని నార్వేకు చెందిన గుండర్ గుండర్సన్ పేరుతో గుండర్సన్ పద్ధతి అంటారు. దీనివల్ల చూసేవాళ్లకు పెద్ద సౌకర్యం ఉంది. ముందు గీత దాటినవాళ్లే విజేతలు, చివర్లో కాగితం మీద కూడికలు ఉండవు. స్కీయింగ్‌లో ఇద్దరూ ఒక్కో చుట్టు తర్వాత మారుతుంటారు. చుట్టు ఒకటిన్నర కిలోమీటరు.

అంటే ఈ ఆటలో జంప్ విడి, పాయింట్లు ఉమ్మడి, దూరం మళ్లీ విడి. ఏది విడి, ఏది ఉమ్మడి అన్నది వాక్యమే చెప్పాలి. “ఇద్దరూ” అన్న మాట ఆ పని చేయలేదు. అది ఎవరూ మిగల్లేదని మాత్రమే చెబుతుంది. “ఇద్దరూ ఒక కారు కొన్నారు” అంటే ఇంటి ముందు ఒక కారే ఉంటుంది. “చెరో కారు కొన్నారు” అంటే రెండుంటాయి.

మీకు కావలసింది ఈ “చెరి” అనే మాటే. ఇద్దరే ఉన్నప్పుడు, ఎవరిది వారికి అని చెప్పడానికి ఇది ఉంది. చెరిసగం, చెరోవైపు, చెరొకటి అని మనం రోజూ అనేవే. ఇద్దరి కంటే ఎక్కువమంది ఉంటే “తలా” వస్తుంది. ఈ తేడా చూడటానికి నార్డిక్ కంబైన్డ్ జట్టు పోటీల చరిత్ర భలే కుదిరింది. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో జట్టుకు ముగ్గురు, దూరం 3×10 కిలోమీటర్లు. అక్కడ “తలా పది కిలోమీటర్లు” అనాలి. 1998 నగానోలో నలుగురయ్యారు, దూరం 4×5. అక్కడా “తలా ఐదు” అనే అంటాం. ఇద్దరితో ఆడే టీమ్ స్ప్రింట్ 2013లో ఇటలీలోని వాల్ ది ఫియెమ్మేలో ప్రపంచ పోటీల్లోకి వచ్చింది. ఆ మొదటిసారి ఫ్రాన్స్ జంట జేసన్ లామీ షప్వీ, సెబాస్టియన్ లక్రువా గెలిచింది. 2026లో ఒలింపిక్స్‌లో కూడా నలుగురి పోటీని తీసేసి ఇదే పెట్టారు. దూరం 2×7.5. ఇక్కడ “చెరి ఏడున్నర” అనాలి.

ఇద్దరి విషయంలోనూ “తలో మాట అన్నారు” అనేవాళ్లున్నారు. నేను దాన్ని తప్పనను. కానీ “చెరి” అన్న క్షణంలోనే వినేవాడికి ఇద్దరని తెలిసిపోతుంది. ఆ లాభం వదులుకోవడం ఎందుకు?

“చెరో”లో “ఒక” దాగి ఉంది కదా, “చెరో ఏడున్నర కిలోమీటర్లు” అంటే లెక్క తప్పదా అని కొందరు పండితులు అడుగుతారు. పుట్టుక ప్రకారం వాళ్లన్నది నిజం. చెరి, ఒక కలిసే చెరొక, చెరో అయ్యాయి. అయితే “చెరో పది రూపాయలు వేసుకున్నాం” అన్నప్పుడు ఆ ఒకటి ఎవరికీ వినబడదు. రాసేటప్పుడు మనసు ఒప్పకపోతే “చెరి ఏడున్నర” అనండి. “చెరో” అన్నా నేను ఎర్రసిరా వాడను.

మీ మిత్రుడి “ప్రతి ఒక్కరూ” సంగతి వేరు. “ప్రతి” అనాలంటే వెనక కాస్త గుంపు ఉండాలి. ప్రతి ఓటరూ, ప్రతి విద్యార్థీ అంటాం. ఉన్నదే ఇద్దరైతే “ప్రతి ఒక్కరూ” అనడం తెలుగువాడి నోటికి సహజంగా రాదు. ఎంతమందికైనా సరిపోయే మాట కావాలంటే “ఒక్కొక్కరు” ఉంది.

సంఖ్య చివర “ఏసి” చేర్చడం మరో దారి: రెండేసి, ఐదేసి, పదేసి. “ఇద్దరూ ఐదేసి చుట్లు తిరిగారు” అంటే ఒక్కొక్కరికి ఐదని తెలుస్తుంది. కాకపోతే ఇక్కడ జాగ్రత్తపడాలి. “ఐదేసి” అంటే ఒక దఫాకు ఐదు అనే అర్థం కూడా ఉంది. ఒకతను ఐదు చుట్లూ పూర్తి చేసి కూర్చున్నాక రెండో అతను బయల్దేరాడేమో అని పాఠకుడు అనుకోవచ్చు. టీమ్ స్ప్రింట్‌లో అలా జరగదు. ఒకడు చుట్టు తిరిగి వచ్చి తోటివాడిని తాకుతాడు, వాడు వెళ్తాడు, ఈలోపు వీడు ఊపిరి పీల్చుకుంటాడు. అసలు టెన్షన్ అంతా ఆ మార్పుల దగ్గరే. అందుకని “చుట్టుకొకరు చొప్పున మారుతూ” అని ఒక ముక్క కలపండి. “ఏడున్నరేసి” జోలికి మాత్రం వెళ్లకండి, నోరు తిరగదు. “చెరో ఐదేసి చొప్పున” అని మూడూ కలిపి రాసే పత్రికలున్నాయి. మాట్లాడేటప్పుడు ఒత్తి చెప్పడానికి పనికొస్తుందేమో గానీ వార్తకు ఒకటి చాలు.

మీ వాక్యం ఇలా ఉండొచ్చు: “ఫ్రెంజెల్, రిడ్జెక్ చెరో జంప్ చేశారు. తర్వాత చుట్టుకొకరు చొప్పున మారుతూ చెరి ఏడున్నర కిలోమీటర్లు స్కీయింగ్ చేసి జర్మనీకి బంగారు పతకం తెచ్చారు.” పాయింట్ల గురించి రాస్తే అక్కడ “ఇద్దరికీ కలిపి” అనండి. అక్కడ “చెరి” అంటే ఫలితమే మారిపోతుంది.

మీరు అడగలేదు గానీ, పతకం దగ్గర కూడా ఇదే చిక్కుంది. మెడలో వేసేటప్పుడు ఇద్దరికీ చెరో పతకం వేస్తారు. పట్టికలో దేశానికి ఒక్కటే రాస్తారు. లాహ్తిలో రిడ్జెక్ నాలుగు స్వర్ణాలు గెలిచాడు: రెండు వ్యక్తిగతంగా, ఒకటి నలుగురి జట్టులో, ఒకటి ఈ టీమ్ స్ప్రింట్‌లో. ఆ రెండు జట్టు పోటీల్లోనూ ఫ్రెంజెల్ ఉన్నాడు. “రిడ్జెక్ నాలుగు, ఫ్రెంజెల్ రెండు, మొత్తం జర్మనీకి ఆరు” అని కూడితే తప్పు. నార్డిక్ కంబైన్డ్‌లో అక్కడ జర్మనీకి వచ్చినవి నాలుగే. కాబట్టి ఆటగాళ్లు కర్తలైతే “చెరో స్వర్ణం అందుకున్నారు” అనీ, దేశం కర్త అయితే “జర్మనీ స్వర్ణం గెలిచింది” అనీ రాయండి. “ఇద్దరూ రెండు స్వర్ణాలు గెలిచారు” అన్న వాక్యం మాత్రం ఎక్కడ కనిపించినా కొట్టేయండి.